నెమలి రూపాయి

మధురవాడ,
నవంబరు 3

ప్రియమైన శ్రీరామ్మూర్తి బావకి,

జగ్గారావు నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ మాట ఫోన్లో అడగడానికి నోరు రాక ఉత్తరం రాస్తున్నాను. మొన్న మీ నీలిమ పెళ్ళిలో మేం చదివించిన ఐదు వేల ఒక్క రూపాయిలో ఆ ఒక్క రూపాయి నోటు వెనక్కి పంపగలవా? ఐదు వేలూ పిల్ల దగ్గరే ఉండనీ. కారణం అడగొద్దు.

ఇట్లు,
నీ జగ్గారావు

తా.క.: ఈ సంగతి మా నారాయణమ్మకి తెలియనివ్వకు. తప్పు ఆవిడదే అయినా తిట్లు నాకే పడతాయి.

* * *

కూర్మన్నపాలెం,
నవంబరు 7

శ్రీ జగ్గారావు గారికి,

బావా అని రాయబోయి ఆగాను. స్టీలు ప్లాంటులో రకరకాల మనుషుల్ని చూశాను గానీ, చదివించిన డబ్బు వెనక్కి అడిగినవాణ్ణి చూడలేదు. మీ కోపం ఎందుకో నాకు తెలుసు. మీ బంతి కూర్చునే సరికి బూరెలు అయిపోయాయి. అంతే కదా? దానికి ఇంత దెప్పాలా? మీ నోటుకి బదులు రూపాయి బిళ్ళ ఈ కాగితానికే అంటించి పంపుతున్నాను.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి, రిటైర్డ్ ఫోర్‌మన్

తా.క.: "ఆ అన్నయ్యకి బూరెలు కూడా పార్సిల్ సేసి పంపెయ్యండి, పీడా పోద్ది" అంటోంది మా సూర్యకాంతమ్మ. మినప్పప్పు నానబోసింది కూడా.

* * *

మధురవాడ,
నవంబరు 10

బావా,

బూరెల గొడవ కాదయ్యా! రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆసియా దేశాలు అచ్చు వేసుకున్న నోట్లు పోగేస్తున్నానని నీకు తెలుసు కదా. జపాను, మలయా, సిలోను, అన్నీ పాత ఓడ సరంగుల ఇళ్ళ చుట్టూ తిరిగి సంపాదించినవే. బర్మా పేజీలో మాత్రం ఒకే ఒక్క నోటు. మా నాన్న రంగూన్ నుంచి వచ్చినప్పుడు జేబులో ఉన్నది. నెమలి బొమ్మ, ఇంగ్లీషులో ఒక్క రూపాయి అన్న అక్షరాలు. అప్పట్లో వాళ్ళకీ రూపాయే మరి.

పెళ్ళికి బయల్దేరే ముందు ఇంట్లో రూపాయి నోటు దొరక్క నారాయణమ్మ నా ఆల్బమ్‌లోంచి అది తీసి కవర్లో పెట్టేసింది. "రూపాయి కాదేటి? దానిమీద రాసుంది కదా!" అని నన్నే దబాయిస్తోంది. ఇరవై మూడున మా నోట్ల సంఘం ప్రదర్శన. మా నాన్నది నా దగ్గర ఫొటో కూడా లేదు బావా. ఉన్నది ఆ నోటే.

ఇట్లు,
నీ జగ్గారావు

తా.క.: నీ రూపాయి బిళ్ళ బరువుకి స్టాంపు చాల్లేదట. పోస్ట్‌మాన్ నా దగ్గర పది రూపాయలు వసూలు చేశాడు.

* * *

కూర్మన్నపాలెం,
నవంబరు 15

బావా,

చెల్లని నోటు చదివించావా! చదివింపుల్లో దీవెనంతా ఆ ఆఖరి రూపాయిలోనే కదా ఉండేది. అది చెల్లకపోతే మిగిలింది ఐదు వేలు. చివర సున్నా! "మా పిల్ల కాపరానికి సున్నా సుట్టేసాడు" అని సూర్యకాంతమ్మ ఒకటే ఏడుపు. "ఇంతకీ ఆ నోటేదే?" అన్నాను. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. మొన్న ప్లాంటులో నాతో పనిచేసిన సన్యాసిరాజు మనవడి బారసాలకి మా ఇంట్లోనూ రూపాయి నోటు దొరకలేదట. కవర్లో అదే పెట్టేసిందట.

ఇప్పుడు ఆ పసివాడికి మేం చుట్టాం సున్నా. అడగడానికి నాకూ నోరు రావడం లేదు. ఇల్లు కంచరపాలెం, బర్మా క్యాంపులో. నువ్వే వెళ్ళు.

ఇట్లు,
నీ బావ

తా.క.: నీ పది రూపాయలు పంపుతున్నాను. నోటే. చెల్లుతుంది, చూసుకో.

* * *

మధురవాడ,
నవంబరు 24

బావా,

వెళ్ళాను. "మాయమ్మ దగ్గరుందండి, ఇవ్వదు" అన్నాడు సన్యాసిరాజు. ఆవిడ గంగాలమ్మ గారు, ఎనభై దాటిన మనిషి. కవరు విప్పుతుంటే నోటు చూసి లాగేసుకుందట. "నెమిలి రూపాయిరా! మాయయ్య జీతం రోజున నా సేతిలో పెట్టి సూపించీవోడు" అని ఏడ్చిందట. ఆ క్యాంపులో అందరిలాగే బర్మా నుంచి వచ్చేసిన కుటుంబం, పుట్టింది రంగూన్‌లోనే. ఇన్నేళ్ళూ ఆ ఊసే ఎత్తని మనిషి, ఆ నోటు వచ్చాక నోరు మూయడం లేదని కొడుకు గోల. నన్నూ కూర్చోబెట్టి అక్కడి రేవు, బియ్యం మిల్లులు, విడవకుండా కురిసే వాన, అన్నీ చెప్పింది. మా నాన్న నాకెప్పుడూ చెప్పనివి.

అయినా సిగ్గు విడిచి అడిగాను. ఐదు వందలిస్తానన్నాను. "మునిమనవడికి సదివించిన రూపాయి బాబూ, దీవెన అమ్ముకుంతారేటి?" అంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఓడ దిగిన రోజు మా నాన్న ఆ రూపాయి పట్టుకుని పాత పట్నంలో టీ కొట్టు నుంచి బియ్యం కొట్టు దాకా తిరిగాడట. ఒక్కరూ తీసుకోలేదు. రేవులో బస్తాలు మోసి ఆ పూట తిన్నాడు. ఇన్నాళ్ళకి దాన్ని ఒక ఇంట్లో రూపాయిగా తీసుకున్నారు. నేను వెనక్కి లాక్కుంటే ఆయన్ని మళ్ళీ ఆ కొట్ల ముందు నిలబెట్టినట్టే అనిపించింది. వదిలేసి వచ్చాను. చెల్లాయిని ఇక ఏడవొద్దని చెప్పు.

నిన్న ప్రదర్శనలో ఆ గడి ఖాళీగానే ఉంచాను. కింద చీటీ మాత్రం పెట్టాను: "బర్మా, ఒక్క రూపాయి. ఖర్చయింది."

ఇట్లు,
నీ జగ్గారావు

తా.క.: మళ్ళీ ఏ శుభకార్యానికైనా రూపాయి నోటు దొరక్కపోతే మొహమాటపడకు. సిలోనువి రెండున్నాయి.