అట్టముక్కకు బదులు నీ కార్డు

అక్కా, నేను కులాసా, నా పది వేళ్లూ కులాసా. ఆ రెండోది నీ చలవే.

నిన్న మా షెడ్డులో, నడుస్తున్న ఇంజన్‌లో డీజిల్ పోసే ఇంజెక్టర్ పైపు ఎక్కడో కారుతోంది. తడిమి చూడబోయాను. "చెయ్యి తియ్యరా! అట్టముక్క పెట్టి చూడు!" అని మేస్త్రీ కసిరాడు. జేబులో అప్పుడే వచ్చిన, ఇంకా చదవని నీ కార్డు తప్ప ఏమీ లేదు. అడ్డం పెడితే, కంటికి ఆనని డీజిల్ ధార దానికి చిల్లు పొడిచింది. అదే అరచేతిలోకి దిగుంటే వేళ్లు తీసేయాల్సి వచ్చేదట.

ఓనరు రాగి గొట్టం వేసేద్దామన్నాడు. ఆ ఒత్తిడికి రాగి పగులుతుందని మేస్త్రీ ససేమిరా అన్నాడు. ఆ ఇంజన్ కోసమే చేసిన ఉక్కు పైపు, అదే పొడవుది, అదే లావుది తెప్పించి బిగించాం.

బావ పడవ ఇంజన్ పైపుకి అతుకు వేయిస్తానన్నాడని రాశావుగా, ఒప్పుకోకు. అలిగితే అలగనీ, కొత్తదే కొనిపించు. చంటిదానికి జ్వరం తగ్గిందా? నా గళ్ల దుప్పటి ఎవరి చేతనైనా పంపు. బావకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

చిల్లు పడ్డచోట నువ్వేం రాశావో చదవలేకపోయాను. 'జాగ్రత్త' అనే అయ్యుంటుంది. అయినా మళ్లీ రాయి.

నీ తమ్ముడు