మేం వదిలిన సందు

టౌన్ ప్లానింగ్ అధికారి గారికి,

అయ్యా, ఇల్లు కట్టేటప్పుడు మీరు చెప్పినట్టే పక్కన నాలుగడుగుల సందు వదిలాం. పక్కాయన మాత్రం అహోబిలం యాత్రికుల కోసమని అంగుళం కూడా వదలకుండా లాడ్జీ లేపాడు. ఆయనకు మినహాయింపు ఎలా ఇచ్చారంటే, మా సందులోంచి గాలీ వెలుతురూ వస్తాయన్నారు. ఇప్పుడు ఆయన ఏసీలన్నీ ఆ సందులోకే వేడి కక్కుతున్నాయి.

నడవలేని మా అత్త ఖాసింబీ కోసం అక్కడే మరుగుదొడ్డి మొదలుపెడితే, నిబంధన ఒప్పుకోదని మీ మనుషులు గోడ కూల్చిపోయారు.

"మన జాగా వానికి పనికొస్తాది గానీ మనకి పనికిరాదా?" అని అత్త అడుగుతోంది.

మాకు మినహాయింపు వద్దు. ఒకసారి వచ్చి ఆమెకు జవాబు చెప్పిపోండి. కాస్త గట్టిగా చెప్పాలి. ఏసీల మోతలో ఆమెకు వినబడదు.

ఇట్లు,
సందు వదిలిన ఇంటి కోడలు