ఎడమచేతి రాజ్యం

అక్కా,

నీ సంవత్సరీకం అయ్యాక అమ్మ నా దగ్గరికి వెల్లింగ్టన్ వచ్చేసింది. నిన్న నా కామిక్ బొమ్మల్ని మొదటిసారి బయటివాళ్ళకు చూపించాను. పుస్తకం రావడానికి ఇంకా టైముంది. ముందుగా కొన్ని పేజీలు మా పేట లైబ్రరీలో గోడకు అంటించాం. బయట ఎప్పటిలాగే గాలి. ఎవరు తలుపు తీసినా నా ఉప్పుకొండలూ, ఎగిరే పడవలూ రెపరెపలాడాయి.

నా కథలోని రాణి ఎడమచేత్తో వడ్డిస్తున్న పేజీ దగ్గర ఒక కివీ ఆవిడ, ఈ ఊరావిడే, ఆగింది. "వీళ్ళందరిదీ ఎడమచేతివాటమా?" అని అడిగింది. అవునన్నాను. అందుకే కత్తులు కుడి నడుముకు వేలాడుతున్నాయని చూపించాను. ఆ రాజ్యంలో కుడిచేత్తో ఏదైనా ఇస్తే అమర్యాద అని కూడా చెప్పాను.

అమ్మ నా వెనకే నిలబడి ఉంది. నువ్వు మంచినీళ్ళ గ్లాసు అందించినప్పుడల్లా "కుడిచెయ్యి ఏమైందే?" అని కసిరిన అమ్మ. నీ పెళ్ళిలో, అందరి ముందూ, తాంబూలం ఇస్తున్న నీ చేతి మీద ఒక్కటి వేసిన అమ్మ. ఇక నాకూ తప్పదనుకున్నాను.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీని చాలాసేపు చూసింది.

"అయితే దాన్ని ఇక్కడ ఎవరూ ఏమీ అనరన్నమాట," అంది.

"అనరమ్మా."

తర్వాత, పొద్దున్నే లేచి వండిన గారెల ప్లేటు తీసుకుంది. ఆ కివీ ఆవిడ దాకా వెళ్ళి, ఆగి, ప్లేటును ఎడమచేతిలోకి మార్చుకుంది.

"తీసుకోమ్మా," అంది తెలుగులోనే.

అలవాటు లేని చెయ్యి కదక్కా, ప్లేటు కాస్త వణికింది.