రెండో వైపు నిరూపణ

కోట, 1964

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున అమ్మా నేనూ చర్చికి బయలుదేరుతుంటే, మద్రాసులో నీతో కలిసి గణిత పరిశోధన చేసిన సుగుణ బస్సు దిగి మనింటికి వచ్చింది.

మీ పరిశోధనలోని రెండు షరతుల్లో మొదటిది నిజమైతే రెండోదీ నిజమవుతుందని నువ్వు నిరూపించావు. రెండోదాని నుంచి మొదటిదానికి తిరిగి రాగలిగితేనే అవి తుల్యమని, ఆ పని మిగిలిపోయిందని ఆసుపత్రి మంచం మీద కూడా బాధపడ్డావు. ఆ మిగిలినది సుగుణ పూర్తి చేసింది. ఆ పరిశోధన వ్యాసంలో నీ పేరే ముందు వేశారట.

"అయితే మా పిల్ల చేసింది సగమేనా?" అని అమ్మ అడిగింది.

"సగమని ఎట్లంటానమ్మా? అక్క పోయిన దారి పట్టుకునే నేను వెనక్కి రాగలిగినాను" అంది సుగుణ.

ఇన్నాళ్లూ ఎవరైనా నీ పేరెత్తితే అమ్మ లేచి వెళ్లిపోయేది. ఈ రోజు సుగుణకు చేపల పులుసు వడ్డించి, పక్కనే కూర్చుంది.

"మా సలోమి ఆడ ఎట్లుండేది? బాగా నవ్వేదా? అంతా చెప్పు తల్లీ" అంది.

సుగుణ ఎక్కాల్సిన సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. వాళ్లిద్దరూ ఇంకా నీ గురించే మాట్లాడుకుంటున్నారు.

నీ తమ్ముడు