మెట్‌పల్లిలో చాయ్

ప్రసన్నక్కా,

ఫోన్ చేస్తే అమ్మ పక్కనే కూర్చుంటుంది, అందుకే రాస్తున్నాను. డిగ్రీ పాసైనందుకు బాసర, ధర్మపురి, వేములవాడ తిప్పుతానన్నాడు బాపు. సంబరపడి దారంతా నేనే రాసిచ్చాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనే ఉంటున్నా, కాలేజీ దాటి నేనెక్కడికి పోయాను?

నిన్న చూస్తే బాపు అందులో మెట్‌పల్లి, సిరిసిల్ల కలిపాడు.

"అక్కడ ఏం గుడి ఉంది బాపూ?"

"చాయ్ తాగనీకి గుడి ఉండాల్నా?" అని నవ్వాడు.

అమ్మ నా సంచిలో పట్టుచీర పెడుతూ అసలు సంగతి చెప్పింది. "రెండిండ్లల్ల పిలగాండ్లు మంచిగున్నరట. జర నిన్ను సూపిచ్చుకుంట పోదాం."

ఎమ్మెస్సీ సీటు గుర్తుచేశాను. "గది ఆళ్లే సదివిస్తరు తీయ్" అంది.

బండిలో నన్ను నడిమి సీట్లో, అమ్మకూ మేనత్తకూ మధ్య కూర్చోబెడతారట. ఆపిన చోటల్లా దిగి, తలొంచుకుని చాయ్ అందించాలి.

చివరగా ఆగేది సిద్దిపేటలో, మీ ఇంట్లో. మొన్న ఫోన్లో నువ్వు కూడా "జడ మంచిగేసుకొని రా పిల్లా" అన్నావు. మీ ఇంటికీ ఎవరైనా వస్తున్నారా అక్కా? మేం బయల్దేరేలోపు నా స్నేహితురాలు పూర్ణిమ ఇంటికి జవాబు రాయి. ఎవరూ రాకపోతే, రాగానే నీ పాత నైటీ వేసుకుని, వంటింట్లో కింద కూర్చుని, కడుపునిండా అన్నం తింటాను.

నీ చెల్లె