పన్నెండు పౌన్ల పంతం

కుప్పం,
12-8-2002.

అన్న కృష్ణప్పకు చెల్లెలు కాంతమ్మ నమస్కారాలు. ఇక్కడ నేను, మా ఆయన, నా మోకాళ్లు అందరం కులాసా. వదిన నడుము నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఈ సంగతి ఎవరో వచ్చి నీ చెవిన వేసేలోపు నేనే చెప్పేస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎస్టీడీ బూత్‌లో నిలబడి అరుస్తావు, బజారంతా వింటుంది. అందుకే ఉత్తరం. ఆరు నెలలుగా ప్రతి శనివారం రైలెక్కి బెంగళూరులో మా అమ్మాయి యమున దగ్గరికి పోతున్నాను కదా. బిడ్డను చూడ్డానికే అనుకుంటున్నావు. చూస్తాను. చూశాక ఇద్దరం కలిసి బౌలింగ్ ఆడ్డానికి పోతాం. క్రికెట్ కాదు. నున్నటి చెక్క నేల మీద బరువైన బంతిని దొర్లిస్తే, ఆ చివర నిలబెట్టిన పది కొయ్యలు పడాలి. యాభై రెండేళ్ల దాన్ని, పదిలో ఏడెనిమిది పడగొడుతున్నాను.

సెప్టెంబరు 22 ఆదివారం యాభై దాటిన ఆడవాళ్లకు పోటీ పెట్టారు. పేరిచ్చేశాను. అక్కడి బంతులు అందరూ వాడేవి. వేళ్లు దూర్చే రంధ్రాలు ఎవరి చేతికో తొలిచినవి. ఒకదాంట్లో నా బొటనవేలు ఇరుక్కుంటుంది, ఇంకోదాంట్లోంచి జారిపోతుంది. సొంతంగా ఒకటి కొనుక్కుంటాను. ఆరు పౌన్ల నుంచి పదహారు దాకా ఉన్నాయి. ఏ బరువు ఎంచుకోవాలో నాలాంటి కొత్తవాళ్లకు తేలడం లేదు. నువ్వు మన ఊరి నాలుగు మణుగుల రాతి గుండు ఎత్తిన మనిషివి. బరువుల సంగతి నీకు కాక ఎవరికి తెలుస్తుంది?

ఇట్లు,
నీ చెల్లెలు కాంతమ్మ

తా.క.: ఎంత బరువు అని మాత్రమే అడిగాను. ఆడొచ్చా అని అడగలేదు.

---

పుంగనూరు,
19-8-2002.

చెల్లెలు కాంతమ్మకు అన్న కృష్ణప్ప ఆశీస్సులు. ఇక్కడ ఆవులు, మీ వదిన క్షేమం. నీ ఉత్తరం పాలకేంద్రం దగ్గర చేతికొచ్చింది. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి రెడ్డెప్ప చేత చదివించాను. కాబట్టి ఇప్పుడు ఊరందరికీ తెలుసు.

మన ఊళ్లో గుండు ఎత్తేది మగవాళ్లు. పెళ్లికి ముందు ఎత్తి చూపించినవాడికే ఊళ్లో మాట చెల్లుతుంది. ఆడపిల్ల ముట్టుకుంటే ఆ ఏడు వానలు పడవని మన అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో నీకూ తెలుసు. అయినా పేరిచ్చేశావు. వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. ఇంక పోటీకంటూ పోయాక, గుండు ఎత్తినవాడి చెల్లెలు ఆరు పౌన్లది పట్టుకుని నిలబడితే నలుగురూ నవ్వుతారు. పదహారు తీసుకో. అంతకంటే పెద్దది ఉంటే చెప్పి చేయించుకో. నడుముకు తుండుగుడ్డ బిగించు. ముందు మోకాళ్ల మీదికి తియ్యి, ఆ తర్వాత రొమ్ముకు, అక్కడినుంచి భుజం మీదుగా వెనక్కి వెయ్యి. వెనకాల మనుషులు లేకుండా చూసుకో.

ఇట్లు,
మీ అన్న కృష్ణప్ప

తా.క.: నేను ఎత్తిన గుండు పాలకేంద్రం వాకిట్లో సిమెంటు వేసి కదలకుండా పెట్టించాను కదా, నిన్న దానికి సున్నం కొట్టించాను. నీ పోటీ కోసమేమీ కాదు.

---

కుప్పం,
26-8-2002.

అన్నకు కాంతమ్మ నమస్కారాలు. నువ్వు చెప్పినట్టు భుజం మీదుగా వెనక్కి వేస్తే, కుర్చీల్లో కూల్‌డ్రింకులు తాగుతున్నవాళ్లు లేచి కేసు పెడతారు. ఇది ఎత్తే పోటీ కాదన్నా. దొర్లించే పోటీ.

శనివారం ఆట ఆడేచోటే ఉన్న బంతుల అంగడికి పోయాం. అక్కడ గోవిందస్వామి అని ఒకాయన ఉన్నాడు. నా నెరిసిన జుట్టు చూసి గులాబీ రంగులో ఆరు పౌన్లది తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ వయసుకు ఇది చాలమ్మా అన్నాడు. నేను ఆయన వైపు చూశానంతే. ఆయనే వెనక్కి తీసుకుపోయాడు. ఆ తర్వాత మర్యాదగా చెప్పాడు. మన ఒంటి బరువులో పదో వంతు దగ్గర మొదలుపెట్టాలట. చెయ్యి కిందికి వదిలి పదిసార్లు ఊపి చూడాలట. భుజం పక్కకు లాగితే అది ఎక్కువ. బంతి మన మాట వినకుండా ఎగిరిపోతే అది తక్కువ. బొటనవేలు బిగించి పట్టుకోకపోయినా బంతి నిలవాలి, వదిలినప్పుడు హాయిగా బయటికి రావాలి. మొదటి బంతి తిన్నగా పోయేదైతే చాలు, వంకర తిరిగే బంతులు తర్వాత చూసుకోవచ్చు.

నీ మాట తీసెయ్యడం ఇష్టం లేక పదహారు పౌన్లది కూడా వేసి చూశాను. బంతి ముందు పోయింది, దాని వెనకాల నేను పోయాను. గీత దాటితే మోగే గంట మోగింది. యమున నవ్వి నవ్వి నేల మీద కూర్చుంది. పదకొండా, పన్నెండా అన్నది మాత్రమే తేలాలి. ఏదైనా రంధ్రాలు నా చేతికే తొలుస్తారు.

ఇట్లు,
కాంతమ్మ

తా.క.: వేళ్లు ఎక్కడ దూరతాయో నీకు అర్థం కావాలని నా చేతి బొమ్మ కాగితం మీద గీసి, కొలతలు రాసి పంపుతున్నాను. రెడ్డెప్పకు చూపించకు.

---

పుంగనూరు,
4-9-2002.

చెల్లెలు కాంతమ్మకు ఆశీస్సులు. రెడ్డెప్పకు చూపించాను.

రాయికి రంధ్రం ఎందుకు తొలుస్తారో మాకు తెలియదా? రాగులు విసిరే ఇసుర్రాయికి పిడి కొయ్య దిగగొట్టడానికే కదా. వాళ్లు రంధ్రాలు తొలిచి, కొయ్యలు ఇవ్వకుండా నిన్ను వేళ్లు పెట్టుకోమంటున్నారు. పట్నం వాళ్లు ఆడమనిషిని చూసి మోసం చేస్తున్నారు. సోమవారం టమోటాలు వేసుకుని మదనపల్లె పోయినప్పుడు నీ కొలతలు చూపించి, వడ్రంగి చేత చింతకొయ్యతో మూడు పిడులు చేయించాను. కుప్పం బస్సు డ్రైవరు కుప్పుస్వామి చేతికిచ్చి పంపాను. అవి దిగగొట్టి రెండు చేతులా పట్టుకుంటే పదహారు కాదు, ముప్పై అయినా లేస్తుంది.

ఇంకో మాట. మా చెల్లెలు బెంగళూరులో పదహారు పౌన్లతో పోటీకి దిగుతుందని పాలకేంద్రంలో చెప్పేశాను. రెండు టెంపోలు మాట్లాడాం. ముప్పై నాలుగు మంది, డప్పులు కూడా. ఇప్పుడు నువ్వు పన్నెండుతో నిలబడితే రేపటినుంచి నేను పాలు పొయ్యడానికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి? పదహారైతే వస్తాను. కాదంటే నేను రాను, ఎవరినీ రానివ్వను. నాకు చెల్లెలు లేదనుకుంటాను.

ఇట్లు,
కృష్ణప్ప

తా.క.: పిడులు దిగకపోతే కొంచెం ఆముదం రాయి.

---

కుప్పం,
10-9-2002.

అన్నకు కాంతమ్మ నమస్కారాలు. పిడులు అందాయి. ఒకటి తలుపు కింద పెట్టాను, ఒకదానితో పప్పు ఎనుపుతున్నాను. మూడోదానితో మా ఆయన వీపు గోక్కుంటున్నాడు. వడ్రంగి పని బాగుంది.

శనివారం పన్నెండు పౌన్లది కొనేశాను. గులాబీది కాదు, నల్లది కాదు. వంకాయ రంగు.

నువ్వు కోప్పడినా సరే, ఒక మాట చెప్పాలి. నా ముక్కుపుడక మా అత్త ఎంచింది. నా చెప్పులు ఇన్నేళ్లూ మా ఆయనే తెస్తాడు, ఎప్పుడూ ఒక సైజు ఎక్కువే, ముందర దూది పెట్టుకుని తిరిగాను. ఇస్కూల్లో పాఠాలు చెప్పిన ఇరవై ఎనిమిదేళ్లూ పొడుగాటి హెడ్మాస్టరు కోసం చేసిన కుర్చీలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. గాజులు సబ్బు రాసి ఎక్కించారు. యాభై రెండేళ్లకు, నా చెయ్యి కొలిచి, నా చేతికే చేసిన వస్తువు ఇది ఒక్కటే. దాంట్లో వేళ్లు పెట్టిన మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. గోవిందస్వామి బరువెక్కువైందేమో అనుకుని కంగారు పడ్డాడు.

ఆరు తీసుకోమన్న ఆయన మాట వినలేదు, పదహారు తీసుకోమన్న నీ మాటా వినను. నువ్వొచ్చినా ఆడతాను, రాకపోయినా ఆడతాను. చెల్లెలు లేదనుకుంటే అనుకో. నాకు మాత్రం అన్న ఉన్నాడు.

ఇట్లు,
కాంతమ్మ

తా.క.: ఈ ఆటలో బంతి పట్టుకుని నాలుగు అడుగులు నడిచి వదలాలి. ఆ నాలుగు అడుగులు కుదరడానికి మిగతావాళ్లకు నెల పట్టింది. నాకు మొదటిరోజే వచ్చేశాయి. బరువు మోస్తూ నాలుగు అడుగులు వెయ్యడం నాకు పదహారో ఏటినుంచీ అలవాటే కదా. నీకేమైనా గుర్తుందా అన్నా?

---

పుంగనూరు,
15-9-2002.

అమ్మా కాంతమ్మా,

నీ ఉత్తరం కోసం రెడ్డెప్ప చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. కళ్లజోడు ఈసారి జేబులోనే ఉంది.

గుర్తుంది. ముప్పై ఆరేళ్లుగా ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నా పెళ్లికి ముందురోజు, ఊరు చూసే ముందు ఒకసారి ఎత్తి చూసుకుందామని తెల్లారగానే గుండు దగ్గరికి పోయాను. అప్పటికే గొర్రెలు తోలుకుని నువ్వు ఆడ ఉన్నావు. నేను కానుగచెట్టు వెనకాల నిలబడ్డాను. నువ్వు లంగా ఎగదోపి, గుండును రొమ్ముకు తీసి, నాలుగు అడుగులు నడిచి కింద పెట్టావు. చేతులు లంగాకు తుడుచుకుని గొర్రెల వెనకాల పోయావు. తిరిగి కూడా చూడలేదు.

తర్వాత నేను ఎత్తాను. మోకాలి దాకా వచ్చింది, మళ్లీ నా కాలి మీదికే పోయింది. పెళ్లిలో కుంటింది అందుకే. అంతలో రెడ్డెప్ప నాయన, ఇంకో నలుగురూ వచ్చారు. గుండు ఎప్పుడూ ఉండే గుంతకు నాలుగు అడుగుల అవతల ఉంది, పక్కన నేను చెమటలు కార్చుకుంటూ ఉన్నాను. ఎత్తేసినావా అబ్బోడా అన్నారు. నేను అవునని అనలేదు. దగ్గాను, అంతే. వాళ్లు నన్ను భుజాల మీద మోసుకుపోయారు. ప్రతి జాతరకూ మళ్లీ ఎత్తమని వెంటపడుతుంటే తట్టుకోలేక దానికి సిమెంటు వేయించాను. నువ్వు ఎప్పుడు బయటపెడతావోనని నీ ముఖం చూడ్డమే నా పనైపోయింది. నువ్వు చెప్పలేదు. ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి.

ఈ పొద్దు పాలు పోసే వేళ అందరి ముందర చెప్పేశాను. "ఆ గుండు ఎత్తింది నేను కాదప్పా, మా కాంతమ్మ" అన్నాను. రెడ్డెప్ప పాలక్యాను మూత పెట్టుకుంటూ, "మా నాయన ఆ పొద్దే చెప్పినాడు, కాళ్ల గుర్తులు ఆడపిల్లవిగా ఉండాయని" అన్నాడు. మరి యాల చెప్పలేదురా అని అడిగాను. "నువ్వు అంత బాగా దగ్గినావు గదన్నా" అన్నాడు.

సిమెంటు పగలగొడుతున్నారు. టెంపోలు మూడయ్యాయి. మూడోది పూర్తిగా ఆడవాళ్లది, మీ వదినే మాట్లాడింది. నువ్వు పన్నెండుతోనే ఆడు. ఎవరైనా తక్కువని అంటే నా దగ్గరికి పంపు.

ఇట్లు,
నీ అన్న కృష్ణప్ప

తా.క.: ఆదివారం ఆ గోవిందస్వామిని నా చెయ్యి కూడా ఒకసారి కొలవమను. నాకు ఆరు పౌన్లది చాలు. గులాబీదైనా ఫర్వాలేదు.