రేవులో ఆగిన మిషను

ఎస్తేరూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన మందిరం పక్క గదిలోకి డయాలసిస్ మిషను పోయిన నెల వచ్చింది, ఈ ఉదయమే మొదలుపెట్టాం. అనుమతి కాగితం కూడా దానితోనే వచ్చింది.

"అనుమతి వచ్చాక పంపుతాం" అని ఆనాడు నీ కోసం మిషను దానమిస్తామన్న విదేశీ సంఘం వాళ్ళు రాస్తే, "ముందు పంపండి, అనుమతి దేవుడిప్పిస్తాడు" అని బదులు రాసింది నేనే. అనుమతి లేదని మిషనును రేవులో ఆపి, వెనక్కి పంపేశారు. మూడు ఆదివారాలు ప్రసంగంలో బల్ల గుద్ది ఆ రేవు ఆఫీసరును, దేవుని ప్రజల్ని పోనివ్వని ఫరో అన్నాను. సంఘమంతా ఆమెన్ అంది. నువ్వొక్కదానివే పలాస ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుని ఆటోలో వస్తూ, "ఆ బాబు ఫరో ఏటయ్యా? అందులో తిరిగేది నా రగతం. మిషను మంచిదో కాదో ఆళ్లు సూడొద్దేటి?" అన్నావు. నేను బైబిలు తెరిచాను. పద్ధతిగా అడిగి మళ్ళీ తెప్పించేసరికి నువ్వు లేవు.

ఇవాళ నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. లేచి నిలబడితే ఒక్క బైబిలు వాక్యమూ గుర్తుకు రాలేదు. "మన తొందర వల్ల ఆలస్యమైంది" అనబోయి, "నా తొందర" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

మొదటి వంతు వెనక వీధి నరసమ్మది. కుర్చీ దగ్గరే నిలబడిపోయింది.

"అయ్యగారూ, ఇది అమ్మగారి కోసం ఏసిన కుర్చీ గదా. నాను కూకోనా?"

"కూకోమ్మా."

నర్సు సూదులు పెట్టి మిషను ఆన్ చేసింది. కాసేపటికి నరసమ్మ, "సలేత్తంది, ఆ కిటికీ ముయ్యండయ్యగారూ" అంది.

నీకు సముద్రం గాలి తగలాలని నేను పెట్టించిన కిటికీ అది. మూశాను.